వ్యూహాత్మక కమ్యూనికేషన్ శిక్షణ విభాగం: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ప్రభుత్వ ఉద్యోగులకు వ్యూహాత్మక కమ్యూనికేషన్‌లో, అంటే ఒక లక్ష్యం పెట్టుకుని ప్రజలకు సమాచారం చేరవేయడంలో, మన సంఘం ఇస్తున్న శిక్షణపై ఈ ఏడాది నివేదికను మీ ముందు ఉంచుతున్నాం. ఏ పాఠం ఎందుకు పెట్టాం, అభ్యాసాల్లో ఎక్కడ తడబాటు కనిపిస్తోంది, వచ్చే ఏడాదికి ఏం మారుస్తున్నాం అన్నవే ఇందులో ఎక్కువ. శిక్షకులుగా పనిచేసే సభ్యులకు ఉపయోగపడాలని కొన్ని అభ్యాసాలను పూర్తిగా వివరించాం.

శిక్షణ స్వరూపం

ఒక్కో విడతలో 16 మందికి మించి తీసుకోవడం లేదు. నలుగురు చొప్పున నాలుగు బల్లలు. అంతకు మించితే ఒక్కొక్కరు రాసినదీ చదివి దిద్దే తీరిక శిక్షకుడికి ఉండదు. దిద్దకపోతే శిక్షణ కాస్తా ఉపన్యాసమైపోతుంది. మొదటి మూడు రోజులు వరుసగా, నాలుగో రోజు ఆరు వారాల తర్వాత. ఈలోగా ప్రతి ఒక్కరూ తమ కార్యాలయం నుంచి నిజంగా వెలువడే ఒక ప్రకటనను ఇక్కడ నేర్చుకున్న పద్ధతిలో తయారుచేసి, దానికి జనం నుంచి వచ్చిన స్పందనతో సహా తిరిగి రావాలి.

ప్రతి బల్ల దగ్గరా ముసాయిదా రాసేవారు ఒకరు, దానిపై సంతకం చేసేవారు ఒకరు, జనం ఫోన్లు ఎత్తేవారు ఒకరు తప్పక ఉండేలా చూస్తున్నాం. రాసేవారికి మాత్రమే నేర్పిస్తే వాళ్లు నేర్చుకున్నదంతా సంతకం దగ్గర ఆగిపోతుంది. ప్రకటనలో ఏ వాక్యం అర్థం కాలేదో అందరికంటే ముందు తెలిసేది ఫోన్ ఎత్తేవారికే. అయినా చాలా చోట్ల ముసాయిదా వాళ్ల కంట పడకుండానే బయటికి వెళ్లిపోతుంది.

పాఠాల క్రమానికి బ్రిటన్ ప్రభుత్వ కమ్యూనికేషన్ సర్వీస్ వాడే ఒయాసిస్ పద్ధతిని తీసుకున్నాం: లక్ష్యం, ప్రజల గురించిన అవగాహన, వ్యూహం, అమలు, మూల్యాంకనం. ఐదింట్లో ఎక్కువమంది దాటేసేది రెండో మెట్టు.

లక్ష్యం దగ్గరే సగం పని

మొదటి రోజు ఉదయం బోర్డు మీద ‘అవగాహన కల్పించడం’ అని రాసి కొట్టేస్తాం. ఆ మాటతో మొదలైన కార్యక్రమం పూర్తయిందో లేదో ఎవరూ తేల్చలేరు. దాని బదులు నాలుగు ఖాళీలు నింపాలి: ఎవరు, ఏ పని చేయాలి, ఎప్పటిలోగా, ఇప్పుడు ఎంతమంది చేస్తున్నారు. నాలుగో ఖాళీ దగ్గర అందరూ ఆగుతారు. ఆ సంఖ్య తెలియకుండా పోస్టర్ల పనికి దిగకూడదని గట్టిగా చెబుతున్నాం.

దీనికి వాడే అభ్యాసం టీకాలది. మొదటి డోసు వేయించి రెండో డోసుకు రాని కుటుంబాలను రప్పించాలి. దాదాపు ప్రతి బల్లా మొదట రాసే సందేశం ‘టీకా సురక్షితం, తప్పక వేయించండి’ అన్నదే. అప్పుడు శిక్షకుడు మూడు చీటీలు పంచుతారు. మొదటిదాంట్లో, తొలి డోసు తర్వాత బిడ్డకు జ్వరం వచ్చి తల్లి భయపడింది. రెండోదాంట్లో, రెండో డోసు తేదీ రాసి ఇచ్చిన కాగితం పోయింది. మూడోదాంట్లో, కేంద్రం తెరిచి ఉండే వేళకు ఆ ఇంట్లో అందరూ పనిలో ఉంటారు. మొదటి తల్లికి కావలసింది జ్వరం గురించిన మాట: ఎన్ని రోజులు ఉంటుంది, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. రెండో ఇంటికి గుర్తుచేసే సందేశం చాలు. మూడో ఇంటికి ఏ సందేశమూ పనికిరాదు, కేంద్రం వేళలు మారాలి. ఈ మాటను పైఅధికారి ముందు పెట్టడం కూడా కమ్యూనికేషన్ అధికారి బాధ్యతే. దీన్ని నేర్పని శిక్షణ అసంపూర్ణమని మా అభిప్రాయం.

నోటీసును తిరగరాయడం

రెండో రోజంతా రాతపనే. మన భాషలో కార్యాలయ శైలికి ఓ పాత ఒరవడి ఉంది. అభ్యాసానికి ఇచ్చే నోటీసు ఇది:

‘ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ప్రధాన పైపులైను మరమ్మతుల నిమిత్తం మంగళవారం నాడు నీటి సరఫరా నందు అంతరాయం కలుగును. కావున వినియోగదారులు గమనించి సహకరించవలసిందిగా కోరడమైనది.’

చదివిన మనిషికి మిగిలేవన్నీ ప్రశ్నలే. అంతరాయమంటే అసలు నీళ్లు రావా, సన్నగా వస్తాయా? ఎన్ని గంటల నుంచి? మా వీధికి కూడానా? సహకరించడమంటే ఏం చేయాలి? ‘కోరడమైనది’ అంటే కోరింది ఎవరు? కర్త లేని క్రియలు తెలుగు నోటీసులో పెద్ద జబ్బు. ‘నిర్ణయించడమైనది’, ‘చర్యలు తీసుకోబడును’ అని రాసినప్పుడు బాధ్యత తీసుకునే మనిషి వాక్యంలోంచి మాయమైపోతాడు.

తిరగరాశాక ఇలా ఉండాలి:

‘మంగళవారం ఉదయం 6 నుంచి రాత్రి 8 వరకు కింద రాసిన వీధుల్లో కుళాయి నీళ్లు రావు. సోమవారం రాత్రికే ఒక రోజుకు సరిపడా పట్టి ఉంచుకోండి. సరఫరా మొదలయ్యాక నీళ్లు రంగు మారి వస్తే, తేటపడే దాకా కుళాయి తెరిచి నీళ్లు పోనివ్వండి. పని ఆలస్యమైతే మంగళవారం సాయంత్రం 5 గంటలకు ఇక్కడే చెబుతాం. – నీటి సరఫరా విభాగం.’

దీనికి దిగువన వీధుల పేర్లు, ఫోన్ నంబరు. మరమ్మతు ఎందుకన్నది ఆ తర్వాతే, ఒక్క వాక్యంలో. కారణంతో మొదలుపెట్టడం రాసేవారికి సహజంగా అనిపిస్తుంది, ఫైలు నడిచేది ఆ వరుసలోనే కాబట్టి. చదివేవారికి మాత్రం మొదట కావలసింది తామేం చేయాలన్నదే. సాయంత్రం 5 గంటలన్న మాట ఇచ్చాక, కొత్తగా చెప్పడానికి ఏమీ లేకపోయినా ఆ వేళకు చెప్పి తీరాలి.

రాసినదాన్ని పరీక్షించడం ఇలా: విషయం తెలియని ముగ్గురికి ఇచ్చి, కాగితం తిరిగి తీసుకుని, ‘ఇప్పుడు మీరేం చేస్తారు?’ అని అడగాలి. ‘అర్థమైందా?’ అని అడగకూడదు. ఆ ప్రశ్నకు మర్యాద కొద్దీ అందరూ అయిందనే అంటారు. ముగ్గురిలో ఒక్కరు తేదీ తప్పు చెప్పినా నోటీసునే మార్చాలి. సరళ భాషకు 2023లో ఐఎస్ఓ 24495-1 అనే అంతర్జాతీయ ప్రమాణమే వచ్చింది. కావలసింది దొరకాలి, దొరికింది అర్థం కావాలి, అర్థమైనదాన్ని వాడుకోగలగాలి అన్నది దాని సారం. మన అభ్యాసాలను దిద్దేది ఈ మూడు ప్రశ్నలతోనే.

ఒక చిన్న పొరపాటు మాత్రం ప్రతి విడతలోనూ ఎదురవుతోంది. సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి, ఆ బొమ్మనే పంపేస్తారు. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మలోని అక్షరాలను చదవలేకపోవచ్చు, ఫోన్‌లో వెతికితే అది దొరకకపోవచ్చు. స్కాన్ కాపీ పక్కనే అదే పాఠాన్ని టైపు చేసి ఇవ్వడం తప్పనిసరని చెబుతున్నాం.

అనుమతుల చిక్కు

ముసాయిదా నాలుగు చేతులు మారేసరికి రెండు వాక్యాలు కాస్తా రెండు పేరాలవుతాయి. ప్రతి ఒక్కరూ ఒక విశేషణమో, ఒక మినహాయింపో చేరుస్తారు. దీనికి మేం నేర్పుతున్న పద్ధతి: ముసాయిదా పైన ఎవరు ఏది చూడాలో రాసి పంపడం. సాంకేతిక అధికారి అంకెలు, వాస్తవాలు చూస్తారు. న్యాయ విభాగం చట్టపరమైన మాటలు చూస్తుంది. పైఅధికారి విధానాన్ని చూస్తారు. భాష జోలికి రాసినవారు తప్ప ఎవరూ వెళ్లరు. ఎన్ని గంటల్లోగా తిరిగి రావాలో కూడా దానిపైనే రాయాలి. ముందే ఊహించగల సంఘటనలకు ఖాళీలు వదిలిన పాఠాలను తీరికగా ఉన్నప్పుడే ఆమోదం చేయించి ఉంచుకోవాలి. అప్పుడు సమయం వచ్చినప్పుడు ఖాళీలు నింపడమే మిగులుతుంది.

ఉద్యోగి విధానాన్ని వివరిస్తాడు, పార్టీని గానీ నాయకుణ్ణి గానీ పొగడడు. ఈ గీత ఎక్కడుందో ఉదాహరణలతో చర్చించే గంటను ఈ ఏడాది గంటన్నర చేశాం.

సంక్షోభ విన్యాసం

మూడో రోజు మూడు గంటల విన్యాసం. వరద, రసాయన లీకేజీ, కలుషిత నీరు, ఈ మూడింట్లో ఒకటి. ప్రతి 12 నిమిషాలకు బల్ల మీదికి ఒక చీటీ వస్తుంది: విలేకరి ఫోను, సోషల్ మీడియా పోస్టు, క్షేత్రస్థాయి నుంచి పరస్పర విరుద్ధమైన రెండు అంకెలు. బల్ల దగ్గరి నలుగురూ పాత్రలు పంచుకోవాలి: మాట్లాడేవారు, రాసేవారు, బయట ఏమంటున్నారో చూసేవారు, ఎప్పుడు ఎవరికి ఏం చెప్పామో వేళతో సహా పుస్తకంలో ఎక్కించేవారు. నాలుగో పాత్రను చిన్నచూపు చూసిన బల్ల రెండో గంటకల్లా తన మాటను తానే కాదనుకుంటుంది.

తొలి ప్రకటనలో మూడే ముక్కలు ఉండాలి: ఇప్పటివరకు తెలిసింది, ప్రస్తుతం చేస్తున్నది, మళ్లీ ఎన్ని గంటలకు మాట్లాడతాం. కారణాన్ని ఊహించకూడదు. తెలియనిదాన్ని ఇంకా తెలియదనే చెప్పాలి. ప్రతి అంకెకూ ముందు వేళ ఉండాలి: ‘ఉదయం 11 గంటలకు అందిన వివరాల ప్రకారం’ అని. వేళ లేని అంకె గంట తర్వాత మారితే దాచిపెట్టారన్న నింద పడుతుంది. వ్యాధుల వ్యాప్తి సమయంలో ప్రజలతో ఎలా మాట్లాడాలన్న దానిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ నమ్మకం, త్వరగా చెప్పడం, పారదర్శకత ముఖ్యమైనవి.

హెచ్చరిక సందేశానికి, విపత్తు హెచ్చరికలను అధ్యయనం చేసిన మిలెటీ, సోరెన్సెన్‌ల పరిశోధన నుంచి వచ్చిన ఐదంశాలు వాడుతున్నాం: చెబుతున్నది ఎవరు, ముప్పు ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేయాలి. హెచ్చరిక విన్న వెంటనే జనం కదలరు. పక్కవారిని అడుగుతారు, ఇంకెవరికో ఫోన్ చేస్తారు, బయటికి వచ్చి చూస్తారు. దీన్ని అలసత్వమని విసుక్కోకుండా, వాళ్లు అడిగే చోటల్లా అదే సమాధానం దొరికేలా చూడాలి. హెల్ప్‌లైన్‌కు, క్షేత్ర సిబ్బందికి పత్రికల కంటే ముందే పాఠం చేరాలి. విన్యాసంలో బల్లలు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

రెండు అసలు సంఘటనలను వివరంగా చర్చిస్తున్నాం. 2018 జనవరి 13 ఉదయం 8.07కు హవాయిలో ఫోన్లకు బాలిస్టిక్ క్షిపణి వస్తోందని, ఇది విన్యాసం కాదని హెచ్చరిక వెళ్లింది. క్షిపణి ఏదీ లేదు. అవే ఫోన్లకు దిద్దుబాటు చేరేసరికి 38 నిమిషాలు గడిచాయి. హెచ్చరిక పాఠం సిద్ధంగా ఉంది కానీ దాన్ని వెనక్కి తీసుకునే పాఠం సిద్ధంగా లేదు. అందుకే మా విన్యాసంలో ప్రతి హెచ్చరికకూ జతగా దిద్దుబాటు పాఠం ముందే రాయిస్తున్నాం. అది వెళ్లవలసింది కూడా హెచ్చరిక వెళ్లిన దారిలోనే.

రెండోది ఇటలీలోని లాక్విలా నగరం. 2009లో అక్కడ చిన్న ప్రకంపనలు వస్తున్న రోజుల్లో ఒక అధికారి ప్రమాదమేమీ లేదన్నట్టు టీవీలో మాట్లాడారు. ఏప్రిల్ 6న వచ్చిన భూకంపంలో 300 మందికి పైగా చనిపోయారు. 2012లో ఆరుగురు శాస్త్రవేత్తలకు, ఆ అధికారికి శిక్ష పడింది. 2014లో శాస్త్రవేత్తలను నిర్దోషులుగా విడిచిపెట్టారు, అధికారికి శిక్ష తగ్గింది కానీ పోలేదు. జనాన్ని ఊరడించాలన్న తొందరలో వాస్తవం అనుమతించని భరోసా ఇస్తే ఏమవుతుందో ఈ పాఠంలో చూపుతాం. ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

వదంతులు

‘వదంతులను నమ్మవద్దు’ అని ప్రకటన ఇస్తే, ఏది నమ్మాలో చెప్పనట్టే. అమెరికా భాషాశాస్త్రవేత్త జార్జ్ లేకాఫ్ సూచించిన వరుసను నేర్పుతున్నాం: మొదట నిజం, మధ్యలో ఒక్కసారి వదంతి ప్రస్తావన, చివర మళ్లీ నిజం. శీర్షికలో వదంతి మాటలు ఉండకూడదు. పది మందిలో తిరుగుతున్న పుకారుకు అధికారిక ఖండన ఇస్తే దాన్ని పదివేల మందికి మనమే చేర్చినట్టు. కాబట్టి ముందుగా అడగవలసింది: దీనివల్ల ఎవరైనా హాని కలిగే పని చేస్తారా, చేయవలసిన పని మానేస్తారా? రెండింటికీ కాదన్న జవాబు వస్తే గమనిస్తూ ఉంటే చాలు.

కెమెరా ముందు మాట్లాడే అభ్యాసానికి ముప్పు సమయాల్లో ఎలా మాట్లాడాలో పరిశోధించిన విన్సెంట్ కోవెల్లో చెప్పిన 27 పదాలు, 9 సెకన్లు, 3 విషయాలు అన్న కొలత ప్రసిద్ధమే. అది ఇంగ్లీషుకు కట్టిన లెక్క. తెలుగులో మాటలు పొడవు, నిదానంగా పలికితే 15 మాటల దగ్గరే తొమ్మిది సెకన్లు అయిపోతాయి. అందుకే పదాలు లెక్కపెట్టించడం మానేసి గడియారం పెట్టి చదివిస్తున్నాం.

మూల్యాంకనం

ఇది మన శిక్షణలో ఇంకా బలహీనమైన భాగం. ఆరు వారాల తర్వాత వచ్చేవారిలో చాలామంది పత్రికల కత్తిరింపుల ఫైలు తెస్తారు. వార్త పడిన జాగాను ప్రకటన ఖరీదుగా లెక్కగట్టడం కమ్యూనికేషన్ విలువను చెప్పదని కమ్యూనికేషన్ ఫలితాలను ఎలా కొలవాలన్న దానిపై ఆ రంగం వారు ఒప్పుకున్న 2010 నాటి బార్సిలోనా సూత్రాలే తేల్చాయి. మాకు కావలసింది నోటీసుకు ముందు వారంలో, తర్వాత వారంలో హెల్ప్‌లైన్‌కు వచ్చిన ప్రశ్నల జాబితా. ‘ఎన్ని గంటలకు?’ అన్న ప్రశ్న ఆగిపోయిందంటే వేళ స్పష్టంగా రాశారన్నమాట. ‘మా వీధికా?’ అని ఇంకా అడుగుతుంటే వీధుల జాబితాను పైకి తేవాలి. ముందు వారం లెక్క తీసిపెట్టకపోతే ఈ పోలిక కుదరదు. కాబట్టి వచ్చే విడత నుంచి శిక్షణకు వచ్చే ముందే ఆ వారం ప్రశ్నలు రాసి తెమ్మని పిలుపు లేఖలోనే కోరుతున్నాం.

వచ్చే ఏడాది

సంతకం చేసే అధికారులు మూడు రోజులు ఉండలేమంటున్నారు. వారికి విడిగా మూడు గంటల కూర్పు తయారవుతోంది. అందులో అనుమతుల పద్ధతి, తొలి ప్రకటన ఈ రెండే ఉంటాయి. సంజ్ఞా భాషతో ప్రెస్ మీట్ నిర్వహించే అభ్యాసాన్ని మూడో రోజులో చేరుస్తున్నాం. అనువాదకులకు పాఠం ముందుగా అందాలి, కెమెరా చట్రంలో వారి చేతులు పూర్తిగా కనిపించాలి.

అభ్యాసాలకు కొత్త నోటీసులు అవసరం. సభ్యులు తమ దగ్గరున్న పాత ప్రకటనలను పంపగలరు. వ్యక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఫైలు సంఖ్యలు కొట్టేసి పంపండి. ఆ నోటీసు వెలువడ్డాక జనం ఏం అడిగారో గుర్తుంటే అదే కాగితం వెనక రాయండి.