పాలు ఎందుకు తగ్గాయంటే

అక్కలకు, అన్నలకు నమస్కారం.

మూడు వారాలుగా మీ అందరికీ ఒకటే మాట పంపుతున్నాను: "ఈ రోజు పాలు తక్కువ, కొంచెం సర్దుకోండి." ఎందుకు తక్కువో చెప్పలేదు. గేటు దగ్గర గట్టిగా అడిగినవాళ్లకు మా పిల్లోడు "ఎనుముకు బాగలేదు" అని చెప్పి బండి తిప్పుకుని వచ్చేస్తున్నాడు. అట్లా చెప్పమని నేర్పింది నేనే. ఈ రోజు గొడ్ల పని అయిపోయాక కూర్చుని మొత్తం రాస్తున్నాను. మీ దగ్గర దాచిన సంగతి కూడా ఇందులో ఒకటుంది. మధ్యలో వస్తుంది, దాటేయకుండా చదవండి.

మా కొట్టం చూడనివాళ్లకు ముందు లెక్క చెప్తాను. మాకు ఐదు ఎనుములు. పాలిచ్చేవి మూడు, ఒకటి సూడిది, ఒకటి పడ్డ. పద్నాలుగు గొర్రెలు, ఆరు మేకలు, ఎప్పటికీ లెక్క తేలని కోళ్లు. రెండు పూటలూ కలిపి రోజుకు 26 లీటర్ల పాలు వచ్చేవి. అందులో 22 లీటర్లు అనంతపురంలో మీ ఇరవై నాలుగు ఇళ్లకు, మిగిలింది ఇంట్లోకీ నెయ్యికీ. ఆ 26లో 11 లీటర్లు ఒక్క చుక్కదే. నుదుట తెల్లమచ్చ ఉందని మా చిన్నది ఆ పేరు పెట్టింది. నెయ్యి బాగుందని మీలో ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట చుక్కకే చెందుతుంది.

జూన్‌లో ఒక పదును వాన పడితే బోరు పక్కన అర ఎకరంలో మేత కోసం జొన్న చల్లాం. ఒక కోత కోసుకున్నాం కూడా. ఆ తర్వాత నెలకు పైగా వాన లేదు. మన జిల్లా సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది, ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ పడాల్సిన రోజు పడదు. బోరు పావుగంట పోసి గాలి కక్కేది. కోసిన మోళ్లకు పిలకలు వచ్చి మూరెడు ఎత్తులోనే ముడుచుకుని నిలబడిపోయాయి. వినాయక చవితికి వారం ముందు రాత్రంతా వాన కొట్టింది. రెండు రోజులు తిరగకముందే ఆ మోళ్ల నిండా లేత చిగుర్లు. చూస్తే మనిషికే నోరూరేటట్టు ఉన్నాయి.

దాన్నే మా దిక్కు నాము అంటారు. జొన్న లేతగా ఉన్నప్పుడు, అందులోనూ ఎండకు వాడి మళ్లీ చిగురేసినప్పుడు, ఆకులో ఒక పదార్థం పేరుకుంటుంది. పశువు నమిలి మింగాక అది కడుపులో సైనైడు విషంగా మారుతుంది. పూతకొచ్చిన జొన్నతో అంత భయం లేదు, కోసి బాగా ఎండబెట్టిన సొప్పతో ఇంకా తక్కువ. ఈ చదువంతా నాకు తర్వాత డాక్టరు సారు చెప్పింది. మా అత్తకు ఏ చదువూ అక్కర్లేకపోయింది. వాన వెలిసిన పొద్దున్నే వాకిట్లో నిలబడి అంది: "నాము లేచ్చాది పాపా. గొడ్లను ఆ గట్టు దిక్కు కట్టొద్దు." సరే అత్తా అన్నాను.

మూడో పొద్దు మా ఆయన మబ్బున లేచి పాలు తీసుకుని టౌనుకు వచ్చాడు. పిల్లోడికి బడిలో పరీక్ష. కసువు కోసే మనిషి రాలేదు. కొట్టంలో పేడ ఎత్తాలంటే గొడ్లు బయటికి రావాలి, రోజూ కట్టే వేపచెట్టు కింద చూస్తే మడమ దిగే బురద. అరగంట పనే కదా అని చుక్కనూ, దాని పక్కన కట్టే కొమ్ములదాన్నీ తీసుకుపోయి గట్టు మీద కట్టాను. గూటం నా చేతులతోనే కొట్టాను, నాలుగు దెబ్బలు. మన ఎండునేలలో నాలుగు దెబ్బలకు దిగిన గూటాన్ని ఎద్దు లాగినా రాదు. కానీ అది వానకు నానిన నేల. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

పేడ ఎత్తి, తొట్టి కడిగి తలెత్తితే రెండూ జొన్నలో ఉన్నాయి. పలుపు చివర గూటం మట్టి కొట్టుకుని వేలాడుతోంది. ఇరవై నిమిషాలు అయ్యుంటుంది. తోలుకొచ్చేటప్పుడు చుక్క బాగానే నడిచింది, నేను కూడా ఏం కాలేదులే అనుకున్నాను. కొట్టం ముందుకు వచ్చేసరికి ముందుకాళ్లు తడబడ్డాయి. నోట్లో నురగ. నోరు తెరిచి ఊపిరి లాగుతోంది. ఎనుము నోరు తెరిచి ఊపిరి తీయడం నేను ఈ ఇంటికి వచ్చిన పదిహేనేళ్లలో చూడలేదు. పడిపోయాక పెదవి ఎత్తి చూశాను. ఊపిరాడకపోతే నీలంగా మారతాయనుకుంటాం కదా, దాని చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి, మందారపువ్వు మాదిరి. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా ఒళ్లు దాన్ని వాడుకోలేదట, అందుకే ఆ ఎరుపు.

మా అత్త బెల్లం నీళ్లు కలిపి పరుగున తెచ్చింది. కిందపడి ఎగరోజుతున్న గొడ్డు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని పక్కింటాయన అడ్డుకున్నాడు. నిలబడి ఉన్న కొమ్ములదానికి తాపించాం. డాక్టరు సారు ఇరవై నిమిషాల్లో బైకు మీద వచ్చారు. చుక్క పదిహేను నిమిషాల్లోనే పోయింది.

కొమ్ములది తక్కువ మేసినట్టుంది. దానికి నరానికి ఒకదాని వెనక ఒకటి రెండు మందులు ఎక్కించారు, సోడియం నైట్రైటు, ఆ తర్వాత సోడియం థయోసల్ఫేటు. రెండోది పాత ఫోటో స్టూడియోల్లో వాడే హైపోనే అని సారు చెప్తుంటే, ఆ గాబరాలో కూడా మా పెళ్లి ఫోటోలు గుర్తొచ్చాయి, ఎందుకో. గంటకు అది తల ఎత్తింది. మాపటికి కుడితి వాసన చూసింది. మీకు పల్లెల్లో గొడ్లున్న బంధువులుంటే, పశువుల అంబులెన్సు నంబరు 1962 అని వాళ్ల ఫోన్లో వేసిపెట్టండి. నాము తగిలితే ఇంటి మందులతో పొద్దు పోగొట్టొద్దని కూడా చెప్పండి.

బీమా లేదా అని మీరు అడుగుతారు. చెవికి ట్యాగు ఉంది. గడువు మేలోనే అయిపోయింది. వచ్చే వారం కడదాం అనుకుంటూ మూడు నెలలు గడిపాం. మా అత్త "చెప్తి కదా" అని ఒక్కసారి కూడా అనలేదు. అనుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇప్పుడు దాచిన సంగతి. చుక్క 11 లీటర్లు పోయాయి. మందు పడిన గొడ్డు కాబట్టి కొమ్ములదాని పాలు డాక్టరు సారు చెప్పినన్ని రోజులూ కిందే పిండాం. మిగిలింది మూడోదాని ఏడు లీటర్లు. ఎదురుగా చవితి. పాయసానికి ఒక లీటరు ఎక్కువ, పాలతాలికలకు రెండు లీటర్లు ఎక్కువ అని మీ ఫోన్లు. లేవని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చవితి ముందు రోజు, చవితి నాడు, మరుసటి రోజు, ఈ మూడు రోజులూ మా ఊళ్లోనే ఒకరింట్లో రోజుకు ఐదు లీటర్లు జెర్సీ ఆవుపాలు కొని, మా ఏడింటిలో కలిపి, ఎనుంపాలని చెప్పి ఇంటికి అర లీటరు చొప్పున మీకు పోశాను. ఎనుంపాల ధరకే పోశాను.

మా ఆయన వద్దన్నాడు. "ఒక్క పండగ దాటించు" అన్నాను.

మూడో రోజు మాపటికి మీలో ఒకక్క ఫోన్ చేసింది. "ఏం పాపా, పెరుగు మీద మీగడ పసుప్పచ్చగా ఉంది, గిన్నె వంచితే పెరుగు జారుతోంది?" మేతలో ఉండే పసుపు రంగును ఎనుము తన ఒంట్లోనే విటమిన్‌గా మార్చేసుకుంటుంది, అందుకే దాని పాలు సున్నంలా తెల్లగా ఉంటాయి. ఆవు పాలల్లోకి ఆ రంగు కొంచెం దిగుతుంది. వెన్న కూడా ఎనుంపాలల్లో ఏడు శాతం ఉంటే ఆవుపాలల్లో నాలుగు దగ్గరే. ముప్పై ఏళ్లుగా పెరుగు తోడేస్తున్న మనిషికి గిన్నె చూస్తే తెలీదా? నేను "మేత మారిందక్కా" అన్నాను. ఆమె "ఓహో" అని ఫోన్ పెట్టేసింది. ఆ ఓహో నాకు ఇంకా చెవిలోనే ఉంది. అక్కా, మేత మారలేదు, గొడ్డే మారింది. ఆవుపాలు మంచివే, ముందే చెప్పి పోసుంటే మీలో సగం మంది తీసుకునేవాళ్లు కూడా.

ఆ మూడు రోజుల పాల డబ్బు ఎవరూ ఇవ్వొద్దు. రోజుకు 12 లీటర్లు, లీటరు 85, మొత్తం 3,060 రూపాయలు. ముందే ఇచ్చేసినవాళ్లకు ఈ నెలలో తగ్గిస్తాను.

తగ్గించాలంటే లెక్క ఉండాలి కదా. ఆ లెక్క మేకపిల్ల తినేసింది.

నవ్వండి, పర్లేదు, మా ఇంట్లో కూడా అప్పుడే వారం తర్వాత మొదటిసారి నవ్వు వినబడింది. పాల నోటుబుక్కు కొట్టం గుంజకు మేకు కొట్టి సంచిలో వేలాడదీస్తాను. రెండు నెలల మేకపిల్ల ఒకటి తొట్టి గోడ ఎక్కి, మెడ చాచి, సంచితో సహా లాగేసింది. నేను పోయేసరికి దాని నోట్లోంచి కాయితం ముక్క వేలాడుతోంది, దాని మీద నా చేతిరాత: "బాకీ". మిగతాదంతా లోపలికి పోయింది. జులై పేజీలు దొరికాయి. ఆగస్టులో నాలుగో తారీఖు తర్వాత ఏమీ లేదు. వెనక అట్ట మీది ఎక్కాలు మాత్రం చెక్కుచెదరలేదు, రుచి నచ్చినట్టు లేదు. కాబట్టి క్యాలెండరు మీద పాల గీతలు పెట్టుకునేవాళ్లు ఆ పేజీ ఫోటో తీసి పంపండి. గీతలు పెట్టుకోనివాళ్లు మీకు గుర్తున్నంత చెప్పండి, మీరు ఎంతంటే అంతే.

గుడ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. నెలకు అరవై నాటుకోడి గుడ్లు కావాలని ఒకన్న మూడుసార్లు అడిగారు. నాటుకోడి పన్నెండో పదిహేనో పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. కూర్చుంటే ఇరవై ఒక్క రోజులు, ఆ తర్వాత పిల్లల్ని వెంటేసుకుని తిరగడం. ఇప్పుడు మూడు కోళ్లు గంపల కింద పొదుగులో ఉన్నాయి, నాలుగోది యాడో చెట్ల కింద పెడుతోంది, ఆ గుడ్లు ముంగిస తింటోంది. దీపావళి దాకా గుడ్లు లేవనుకోండి. దసరాకు పొట్టేలు అడిగిన ఇద్దరికీ ఉన్నాయి, వచ్చి చూసుకుని పొండి.

ఇప్పుడు పాలు ఎన్ని, ఎవరికి? కొమ్ములది తిరుక్కుంది కానీ ఎనిమిది లీటర్ల నుంచి ఐదుకు పడింది. మూడోదాని ఏడు కలిపితే పన్నెండు. ఇరవై నాలుగు ఇళ్లకు అర లీటరు చొప్పున పంచి అందరి దగ్గరా మాట పడే బదులు, చంటిపిల్లలు, ముసలివాళ్లు, బాలింతలు ఉన్న ఇళ్లకు ముందు పోస్తాను. మిగతావాళ్లు ఇంకొకరి దగ్గర తీసుకోండి, నేనేమీ అనుకోను. నాలుగు ఇళ్లు ఇప్పటికే మానేశాయి. ఆ సీసాలు మాత్రం పిల్లోడికి ఇచ్చి పంపండి, మీ అడ్వాన్సు వాడి చేతికే ఇచ్చాను. ఆవుపాలైనా పర్లేదనేవాళ్లకు వేరే సీసాలో, ఎర్రమూతతో, ఆవుపాల ధరకే తెస్తాం. తెల్లమూతలో ఎనుంపాలు తప్ప ఇంకేమీ ఉండదు.

అక్టోబరు ఒకటి నుంచి లీటరు 90. చుక్క నష్టాన్ని మీ మీద వేస్తున్నానని అనుకోవద్దు, అది మేం చూసుకునేది. ఆ నెల రోజుల ఎండకు మా చెనక్కాయ కూడా సగం పోయింది, ఈసారి మేతకు ఇంటి చెనక్కాయ కట్టె చాలదు, ట్రాక్టరు కట్టె బయట కొనాలి. ఇప్పటికే కొంత కొన్నాం.

మేత ఇంత కరువులో కూడా ఆ అర ఎకరం జొన్న మాత్రం కొట్టం వెనకే ఉంది. మొత్తం కోసి, పలచగా పరిచి, రెండు వారాలు ఎండబెట్టాం. ఇక వేసుకోవచ్చని డాక్టరు సారు వచ్చి చూసి చెప్పారు. మా అత్త ఒప్పుకోవట్లేదు. ఆమె ఉన్నప్పుడు వేయలేను, ఆమె ఎప్పుడూ ఉంటుంది. కుప్ప అట్లనే ఉంది, దాని మీద కోళ్లు పడుకుంటున్నాయి.

సూడి ఎనుము కార్తీకంలో ఈనుతుంది. అప్పటికి పాలు మళ్లీ ఇరవై దాటొచ్చు. జున్నుపాలు కావాలని ఇప్పుడే పేర్లు రాయించేవాళ్లకు ఒక మాట. ముందు దూడ కడుపు నిండాలి. మిగిలితే చెప్తాను, మిగలకపోతే దూడనే అడగండి.