గిప్స్‌లాండ్ వానపాముకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారములు.

పులులు, ఏనుగుల సంరక్షణపై మీ పత్రిక ఇస్తున్న ప్రాధాన్యం హర్షణీయం. నేల లోపలి జీవులకూ కొంత చోటు కల్పించాలని నా మనవి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బాస్ నది లోయలోనూ దాని పరిసరాల్లోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని గిప్స్‌లాండ్ భారీ వానపాము సగటున మీటరు పొడవుంటుంది. 1878లో ఫ్రెడరిక్ మెకాయ్ దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. వాగుల గట్ల వెంట, తడి బంకమట్టి బొరియల్లోనే దీని బతుకంతా గడుస్తుంది. పైన ఎవరైనా నడిస్తే, ఆ అదురుకు ఇది లోపలికి జారిపోతున్నప్పుడు గుడగుడమనే చప్పుడు పైకి వినిపిస్తుంది. తొలకరికి మన దొడ్లో తేలే జానెడు వానపాములను చూసి పెరిగిన నాకు ఈ సంగతి ఎంతో ఆశ్చర్యం కలిగించింది.

ఒక్కో గుడ్డుసంచిలో ఒకే పిల్ల ఉంటుంది. అది వెలుపలికి రావడానికి దాదాపు ఏడాది, ఈడుకు రావడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. ఇంత నిదానంగా పెరిగే ప్రాణి, అడవులు నరికి పాడి పశువుల మేతబీళ్లుగా మార్చిన నేలలో, వాగుల నీటిదారులు మళ్లించినా రోడ్ల కోసం గట్లు తవ్వినా తట్టుకోలేదు. దాని దేహం ఎంతో సున్నితమైనది. చూడాలన్న కుతూహలంతో తవ్వి తీసినా చచ్చిపోవచ్చు. మెల్‌బోర్న్‌లోని మన తెలుగు కుటుంబాలు ఫిలిప్ దీవి పెంగ్విన్ల కోసం వెళ్లేది ఆ ప్రాంతం మీదుగానే కనుక, ఈ విషయం వారి పిల్లలకైనా తెలిసేలా మీ ఆదివారం సంచికలో ఒక వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు