జాబ్ కార్డులో లేని ఫిర్యాదుకు వారంటీ ఉండదు

సంపాదకుడు గారికి,

ఎండలు ముదిరేసరికి విజయవాడ, గుంటూరు సర్వీస్ సెంటర్లలో కారు ఓనర్ల నోట వినిపించే మాట ఒకటే: "ఏసీ చల్లగా రావట్లేదండీ, బండి ఇంకా వారంటీలోనే ఉంది." బండి తీసుకునేటప్పుడు ఫిర్యాదు రాసుకునే జాబ్ కార్డు మీద పడే మాట కూడా ఒకటే: "ఏసీ చెక్." ఆ రెండు ముక్కల దగ్గరే ఓనరు సగం ఓడిపోతున్నాడు. చెక్ చేశారు, గ్యాస్ పట్టారు, బిల్లు వేశారు, పంపేశారు. రెండు నెలలకు మళ్లీ అదే కథ. మూడోసారి వెళ్లేసరికి వారంటీ గడువు దాటిపోయింది. కాగితాలు తిరగేస్తే ఆ కారుకు లీకు అన్నది ఏనాడూ లేదు!

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. చిన్న కారులో ఉండేదే అటూ ఇటూగా అరకిలో. అది నెలల్లో తగ్గిపోయిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కండెన్సర్, ఎవాపరేటర్, పైపుల ఓ-రింగులు, కంప్రెసర్ సీలు, చూడాల్సినవి ఇవే. కండెన్సర్ బంపర్ వెనకే ఉంటుంది కనుక "రాయి తగిలింది, వారంటీ రాదు" అనడం సులువు. ఎవాపరేటర్ డ్యాష్‌బోర్డు లోపల ఉంటుంది. చాలా మోడళ్లలో దాన్ని తీయాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. ఒక బే (బండి నిలిపి పని చేసే చోటు), ఒక మెకానిక్ రోజంతా దానికే పోతారు. అందుకే లీకు వెతకడం కంటే గ్యాస్ పట్టి పంపడమే వాళ్లకు తేలిక.

కాబట్టి "ఏసీ చెక్" అని రాస్తే ఒప్పుకోకూడదు. "గ్యాస్ తగ్గిపోతోంది, లీకు ఎక్కడో కనిపెట్టి చెప్పాలి" అని రాయించాలి. పాత గ్యాస్ ఎన్ని గ్రాములు బయటికొచ్చింది, కొత్తది ఎన్ని గ్రాములు పట్టింది అన్నది మెషిన్ చూపిస్తుంది. ఆ రెండు అంకెలూ బిల్లు మీదకు రావాలి. లీకును యూవీ డైతో (యూవీ లైటు కింద మెరిసే రంగుతో) చూశారా, నైట్రోజన్ ఎక్కించి చూశారా అని అడగాలి. లీకైన పార్టు వారంటీలో మారిస్తే, ఆ పనికి పట్టిన గ్యాస్ కూడా అందులోనే ఇవ్వమని పట్టుబట్టాలి.

జాబ్ కార్డు రాసే సర్వీస్ అడ్వైజర్లు ఇలా ఎందుకు చేస్తారంటే, అందులో దుర్మార్గం కంటే లెక్కే ఎక్కువ. వారంటీ పార్టును ముందు డీలరే తన స్టాకులోంచి వేసి, తర్వాత కంపెనీకి క్లెయిమ్ పెడతాడు. లేబరు చార్జీ కంపెనీ నిర్ణయించిన గంటలకే వస్తుంది, నిజంగా పట్టిన గంటలకు కాదు. తీసిన పార్టుకు ట్యాగ్ కట్టి దాచిపెట్టాలి. కంపెనీ మనిషి వచ్చి చూసి కుదరదంటే ఆ ఖర్చు డీలరు నెత్తినే. అందుకే కారణం తేలని కేసును ఎవరూ ముట్టుకోరు. కారణం తేలేలా ఫిర్యాదు రాయించాల్సిన పని చివరికి ఓనరు మీదే పడుతోంది.

శబ్దాలు, జర్కుల సంగతి ఇంకా ఘోరం. "ప్రాబ్లం అబ్జర్వ్ కాలేదు" అన్న ఒక్క వాక్యంతో జాబ్ కార్డు మూసేస్తారు. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వచ్చే శబ్దం మధ్యాహ్నం మూడింటికి ఎలా వినిపిస్తుంది? ఏ గేరులో, ఎంత స్పీడులో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, స్టీరింగ్ ఏ పక్కకు తిప్పితే, ఇవన్నీ రాయించాలి. వీలైతే రాత్రే బండి వదిలి, పొద్దున మెకానిక్ స్టార్ట్ చేసేటప్పుడు దగ్గరుండాలి. టెస్ట్ డ్రైవ్‌లో ఓనరు పక్కన కూర్చోవాలి. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే, స్కానర్ పెట్టగానే కోడ్లు చెరిపేయనివ్వకూడదు. ముందు ఆ రిపోర్టు ప్రింటు తీయించుకోవాలి. లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ వేడి, స్పీడు, లోడు ఎంతో అందులో నమోదై ఉంటాయి. చెరిపేశాక అవి పోయినట్టే.

క్లెయిము కాదనడానికి చెప్పే కారణాలు కూడా అరిగిపోయినవే. "కల్తీ పెట్రోలు" అంటే ఆ శాంపిల్ టెస్ట్ రిపోర్టు చూపమనాలి. బంకు బిల్లులు దాచుకున్నవాళ్లకు ఇక్కడ పనికొస్తాయి. "వేర్ అండ్ టేర్" (వాడకంలో అరుగుదల) అన్నది బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, క్లచ్ ప్లేటు దగ్గర న్యాయమే. వీల్ బేరింగ్ ఏడాదికే పోయినప్పుడు కూడా అదే మాటంటే వారంటీ బుక్‌లో ఏ క్లాజో చూపమనాలి. బయట లైట్లు, హారన్, స్టీరియో పెట్టించేవాళ్లు మాత్రం కొంత తప్పు తమదేనని ఒప్పుకోవాలి. కప్లర్ (వైరు కోయకుండా కలిపే సాకెట్) వాడకుండా వైరు కోసి టేపు చుట్టారంటే ఆ సర్క్యూట్‌కు వారంటీ ఆశ వదులుకోవాల్సిందే. అంతమాత్రాన గేర్‌బాక్సుకూ వారంటీ లేదనడం చెల్లదు. 14 కార్ల కంపెనీలపై 2014 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కేంద్ర సంస్థ) ఈ సంగతి చెప్పింది: బయట పని చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదు, ఆ పని వల్ల చెడిన మేరకే కాదనవచ్చు. దానిపై కంపెనీలు కోర్టులకు వెళ్లాయి గానీ, ఓనరు ఆ వాదన ఎత్తడానికి అదేమీ అడ్డు కాదు.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బళ్ల గురించి ఒక్క మాట. వరద నష్టం వారంటీలోకి రాదు, అది ఇన్సూరెన్స్ వ్యవహారం. మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజిన్ పాడు చేసుకుంటే, ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ లేని పాలసీలో సాధారణంగా ఇన్సూరెన్స్ కూడా రాదు. ఆ వరదలో మునిగిన విజయవాడ సింగ్‌నగర్ వైపు సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మాటలతో తేలనప్పుడు కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి, ఆ తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కారు హైదరాబాద్‌లో కొన్నా, గుంటూరులో ఉండేవారు గుంటూరులోనే కేసు వేయవచ్చు. లాయరు తప్పనిసరి కాదు. కారుకు కట్టిన ధర 5 లక్షల్లోపైతే ఫీజు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. డీలరునూ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. లేకపోతే ఒకరు రెండోవారి మీదకు తోసి తప్పుకుంటారు. కొత్త కారే ఇప్పించమని అడిగే ముందు ఆలోచించాలి. వారంటీలో పార్టు మారుస్తామని మాత్రమే ఉన్నప్పుడు బండినే మార్చమనడం కుదరదని 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తయారీ లోపమని వాదించాలంటే నిపుణుల రిపోర్టు కావాలి. ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌నే కోరవచ్చు.

మన రెండు ఊళ్ల డీలర్లు చేయాల్సినవి రెండున్నాయి. జాబ్ కార్డులో ఫిర్యాదును ఓనరు మాటల్లోనే, తెలుగులో రాయడం. వారంటీ కాదంటే ఏ క్లాజు కింద కాదంటున్నారో లెటర్‌హెడ్ మీద రాసివ్వడం. అంతవరకు ఓనర్లు గేట్ పాస్ దగ్గరైనా జాగ్రత్త పడాలి. "పని సంతృప్తికరంగా ఉంది" అని అక్కడ ముందే అచ్చు వేసి ఉంటుంది. దాని పక్కనే "శబ్దం ఇంకా వస్తోంది" అని పెన్నుతో రాసి, మీటర్ రీడింగ్ వేసి, అప్పుడు సంతకం పెట్టి, ఫోన్లో ఫొటో తీసుకోవాలి.

— రిటైర్డ్ వర్క్‌షాప్ సూపర్‌వైజర్, గుంటూరు