అల్లుడికి చూపించే ముందు నువ్వు చదువు

జుహు, ముంబై
ఆగస్టు, మబ్బు తెరిపి ఇవ్వని ఉదయం

బావా,

మొన్న నీ ఫోను పెట్టేసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. "నీ మేనల్లుడు హెలికాప్టరు పైలట్ అవుతానని పట్టుబట్టాడు, కాలవ అవతలి రెండెకరాలకు బేరం వచ్చింది, నువ్వేమంటావు?" అని అడిగావు. పక్కనే వాడు చెవులు రిక్కించుకుని ఉన్నాడని తెలిసి "చూద్దాంలే" అని దాటేశాను. మళ్ళీ ఫోను చేస్తే వాడే ఎత్తుతాడు. వాట్సాప్‌లో పెడితే చెల్లెమ్మ చదివి కంగారు పడుతుంది. అందుకని ఇన్నేళ్ళ తరవాత కాగితం, పెన్ను పట్టాను. నా దస్తూరి మన తెలుగు మాస్టారు తిట్టినప్పటి కంటే ఘోరంగా ఉంది, సర్దుకో.

తీరిక ఎలా దొరికిందంటావా? ఉదయం నాలుగింటికి లేచి, స్నానం చేసి, గొట్టంలో ఊది మందు తాగలేదని రుజువు చేసుకుని, ఐదున్నర నుంచి పైలట్లమంతా ఈ గదిలో కూర్చున్నాం. బాంబే హై చమురు క్షేత్రం ఇక్కడికి 160 కిలోమీటర్ల దూరం. అక్కడ పనిచేసేవాళ్ళను హెలికాప్టరులో దించి తేవాలి, దారంతా సముద్రమే. దాని మీద మబ్బు బాగా కిందికి దిగి ఉంది. అది లేస్తే మేం లేస్తాం. ఎనిమిదైంది, తొమ్మిదైంది, నాలుగో టీ అయింది. అల్లుడికి నువ్వు మొదట చెప్పాల్సింది ఇదే. ఈ ఉద్యోగంలో ఎగిరేది కొంచెం, కాచుకుని కూర్చునేది కొండంత.

నేను కాచుకోవడం జుహులో మొదలు పెట్టలేదని నీకు తెలుసు, నువ్వు దగ్గరుండి చూసినవాడివి. మా నాన్న కొబ్బరితోట అమ్మి అమెరికా పంపితే, ఆర్-22 అనే రెండు సీట్ల హెలికాప్టరు మీద నేర్చుకుని వచ్చాను. అందులో నేనూ నా గురువూ కూర్చుంటే మూడో మనిషికి కాదు కదా, సంచికి కూడా చోటుండేది కాదు. లైసెన్సుకు 150 గంటలు ఎగరాలి. ఎగిరాను. ఆ కాగితం చేతికొస్తే చాలు, కంపెనీలు పిలిచి ఉద్యోగం ఇస్తాయనుకున్నాను. వెళ్ళిన ప్రతిచోటా "ఎన్ని గంటలు?" అన్నదే ప్రశ్న. 150 అంటే నవ్వేవాళ్ళు. గంటలుంటే గాని ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం ఉంటే గాని గంటలు రావు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్నట్టు! పక్క కుర్చీలో సైన్యం నుంచి దిగిన పెద్దాయన వేల గంటల లాగ్‌బుక్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటే, నా పుస్తకం సంచిలోంచి తీయడానికే సిగ్గేసేది.

ఆ రెండేళ్ళూ ఊళ్ళో నన్ను "పైలట్ గారు" అని పిలిచారు. చేపల చెరువు దగ్గర మేత బస్తాలు లెక్కపెట్టే పైలట్ గారు! నువ్వొక్కడివే అలా పిలవలేదు. అందుకే ఈ ఉత్తరం నీకు రాయగలుగుతున్నాను.

ఇప్పటికీ పరిస్థితి పెద్దగా మారలేదు. విమానాల కంపెనీలు వందల లెక్కన విమానాలు కొంటున్నాయి. దేశం మొత్తం మీద సివిల్ హెలికాప్టర్లు మూడు వందలు కూడా లేవు. వాటిలో చాలా భాగం ఏదో ఒక కాంట్రాక్టు మీద బతికేవే. చమురు కంపెనీ టెండరు ఒకరి చేతిలోంచి ఇంకొకరికి పోయిందంటే, ఆ రకం హెలికాప్టరు నడిపేవాళ్ళు కూడా గాల్లో దీపమే. ఒక్కో రకానికీ లైసెన్సు మీద విడిగా ముద్ర పడాలి. బస్సు నడిపినవాడు లారీ ఎక్కినంత సులువు కాదు. నాకు ఒకసారి అలా ఏడు నెలలు పోయాయి. ఆ ఏడు నెలలూ మీ చెల్లెలి జీతంతో ఇల్లు గడిచింది. అప్పుడు నీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను, తిట్టకు.

ఇక ఒళ్ళు సంగతి. మొన్న పెళ్ళి ఫోటోలు చూస్తూ మా అమ్మాయి అడిగింది, "నాన్నా, నువ్వు ప్రతి ఫోటోలోనూ ఎడమ పక్కకి ఎందుకు ఒరిగావు?" అని. హెలికాప్టరులో కెప్టెన్ కుడి సీట్లో కూర్చుంటాడు. కాళ్ళ మధ్య ఉండే కర్రను కుడి చేయి వదలకూడదు. ఎడమ చేతికి పక్కన కిందుగా ఇంకో కర్ర ఉంటుంది, పైకి లేవాలన్నా కిందికి దిగాలన్నా దాన్నే ఎత్తాలి, దించాలి. దాని కోసం నడుం ఎడమకీ ముందుకీ వంగుతుంది. ఆ వంకరలోనే గంటల తరబడి ఒళ్ళంతా అదురుతూ ఉంటుంది. ఇరవై ఏళ్ళకు ఎముక కూడా అదే వంపుకు అలవాటు పడుతుంది కాబోలు. పీట మీద కూర్చుని భోజనం చేసి ఎన్నాళ్ళయిందో.

అందులో బాత్‌రూం ఉండదు బావా. నవ్వకు, ఇది పెద్ద విషయం. సముద్రంలో చమురు తీసే ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకో ప్లాట్‌ఫాంకు మనుషుల్ని దించుతూ ఎక్కిస్తూ తిరుగుతున్నప్పుడు ఇంజను ఆపం, కుర్చీ దిగం. కాబట్టి నీళ్ళు తాగం. పైన అద్దాల్లోంచి ఎండ, మీద లైఫ్‌జాకెట్, లోపల చెమట. ఫలితం ఏమిటంటే కిడ్నీలో రాయి. రాయి ఉందని తేలగానే ఎగరడానికి పనికిరావని రాసేశారు. అది పోయి, స్కానింగులో ఏమీ లేదని తేలేదాకా మూల జీతం తప్ప ఎగిరినందుకు వచ్చే డబ్బు రాలేదు. కందిగింజంత రాయి నాలుగు నెలలు నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది. ఏటా వైద్య పరీక్ష వస్తోందంటే నెల ముందు నుంచి మీ చెల్లెలు ఆవకాయ జాడీ అటక మీద పెట్టేస్తుంది. ఇంటర్ పరీక్షలకు కూడా నేను అంత భయపడలేదు.

చెవుల సంగతి మాత్రం నన్ను నిజంగా కలవరపెట్టింది. పోయిన డిసెంబరులో మన ఊరు వచ్చాను కదా. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద పడుకుని, "ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉందో చూశావా, కీచురాళ్ళు కూడా పోయినట్టున్నాయి, పురుగు మందుల మహిమ" అన్నాను. మీ చెల్లెలు కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయండీ" అంది. లేచి చెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఏమీ వినిపించలేదు. వినికిడి పరీక్షలో కీచుమనే శబ్దాలు ఉండే 4,000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి జారిందని డాక్టరు చూపించినప్పుడు అదేదో కాగితం మీద గీత అనుకున్నాను. ఆ గీత అంటే కీచురాళ్ళని ఆ రాత్రి తెలిసింది. చెవుల మీద హెడ్‌సెట్ పెట్టుకున్నా ఇంతే. నా కంటే పెద్దవాళ్ళు కొందరు మనవల మాటలు పెదాలు చూసి అర్థం చేసుకుంటారు.

ప్రమాదాల మాట ఎత్తలేదేమిటి అనుకుంటున్నావేమో. అమ్మ ఎత్తినంతగా ఎవరూ ఎత్తలేరు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర చెరువులో హెలికాప్టరు పడి మన లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు పోయినప్పుడు కోనసీమలో పొయ్యి వెలగని ఇల్లు ఎన్నో నీకు గుర్తుండే ఉంటుంది. ఆ తరవాత రెండేళ్ళకే నేను ఈ చదువుకు వెళ్తానన్నాను. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టరు నల్లమలలో కనబడకుండా పోయిందని టీవీలో రాగానే నాకు ఫోను చేసింది. "మాది రెండింజన్లది అమ్మా, ఏమీ కాదు" అన్నాను. ఆయన ఎక్కిన బెల్ 430 రకం హెలికాప్టరు కూడా రెండింజన్లదే. ఆ మాట ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు.

2018 జనవరి 13న ఈ జుహు నుంచే లేచిన హెలికాప్టరు సముద్రంలో పడి అందులో ఉన్న ఏడుగురూ పోయారు. అలాంటి రోజు ఈ గదిలో ఎవరూ ఏమీ మాట్లాడరు. మర్నాడు మళ్ళీ అదే సముద్రం మీదికి వెళ్ళాలి, చమురు రిగ్గు మీద మనుషులు ఇంటికి రావాలని ఎదురు చూస్తూ ఉంటారు. 2022 జూన్ 28న ఇంకొకటి పడింది, తొమ్మిది మందిలో ఐదుగురు బతికారు. నీళ్ళలో పడితే బయటపడటానికి మాకు, రిగ్గుకు వెళ్ళేవాళ్ళకు కూడా తర్ఫీదు ఇస్తారు. కొలనులో హెలికాప్టరు ఆకారంలో ఒక డబ్బా ఉంటుంది. అందులో బెల్టు కట్టి కూర్చోబెట్టి, నీళ్ళలో ముంచి, తలకిందులు చేస్తారు. ఇంజన్లు, గేర్‌బాక్సు అన్నీ నెత్తిన ఉంటాయి కాబట్టి నిజంగా పడినా అలాగే తిరగబడుతుంది. ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకోవాలి. తిరగడం పూర్తిగా ఆగేదాకా బెల్టు విప్పకూడదు. ముక్కులోకి నీళ్ళు పోతుంటాయి, పైనేదో కిందేదో తెలియదు, ఆ చేయి మాత్రం అంచు వదలకూడదు. కొన్నేళ్ళకొకసారి మళ్ళీ చేయాలి. ఇరవై మూడేళ్ళప్పుడు సరదాగా ఉండేది. ఇప్పుడు ముందు రోజు రాత్రి నిద్ర పట్టదు.

అయినా చావు భయం కంటే "రాను" అని చెప్పాల్సి రావడం ఎక్కువ బాధ. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు మీద ప్రకాశ్ నగర్ వంతెన పైన తొమ్మిది మంది చిక్కుకున్న సంగతి నువ్వూ చూసే ఉంటావు. వాతావరణం బాగాలేక హెలికాప్టరు రాలేకపోయింది. చివరికి ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి వెళ్ళి వాళ్ళను తీసుకొచ్చాడు. దండం పెట్టాలి ఆ మనిషికి. కానీ గెస్ట్‌హౌస్‌లో టీవీ ముందు కూర్చుని, ఎగరలేమని చెప్పిన ఆ పైలట్ ఎవరో గాని అతని గురించే ఆలోచించాను. అతను చెప్పింది సరైన మాటే. ఆ వర్షంలో వెళ్ళి కొండకో తీగలకో తగిలితే తొమ్మిది మందికి ఇంకో నలుగురు కలుస్తారు. అయినా ఆ రాత్రి అతనికి అన్నం సహించి ఉండదు.

ఒక ఎన్నికల్లో నన్ను ప్రచారానికి పంపారు. సూర్యాస్తమయం లోపల దిగిపోవాలని మాకు నియమం. నాయకుడి సభ ఆలస్యమైంది. ఇక ఎగరనన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను తిట్టిన తిట్లు మన ఊరి కోడిపందేల్లో కూడా వినలేదు. ఆయన కారులో వెళ్ళాడు. నన్ను మళ్ళీ పంపవద్దని ఫోను వెళ్ళింది. అల్లుడికి మెషీన్ తిప్పడం ఎవరైనా నేర్పుతారు. పెద్దవాళ్ళ ముఖం మీద లేదని చెప్పి, ఆ తరవాత వచ్చేది భరించడం నేర్పే బడి లేదు. వాడికి ఆ మొండితనం ఉందా? నీకు లేదు, నాకు తెలుసు. చెల్లెమ్మ పోలిక వస్తే మాత్రం ఫరవాలేదు.

ఇంటి సంగతి రాయకూడదనుకున్నాను గాని రాసేస్తాను. ఆరు వారాలు ఇక్కడ, మూడు వారాలు రాజమండ్రిలో. నేను లేకుండా బతకడం ఇల్లు నేర్చుకుంది. మొన్న వెళ్ళినప్పుడు గ్యాసు సిలిండరు అయిపోతే మార్చబోయాను. మా అమ్మాయి వచ్చి, "నువ్వుండు నాన్నా, నీకు తెలియదు" అని తనే బిగించింది. పదమూడేళ్ళ పిల్ల! స్నేహితురాళ్ళతో సినిమాకు వెళ్తానని, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే లోపలికి వెళ్ళి వాళ్ళమ్మను అడిగింది. కోపంతో కాదు, అలవాటు. "మళ్ళీ ఎప్పుడు వెళ్తావు?" అని కూడా అడుగుతుంది, గది సర్దుకోవడానికి. ఆ గదిలో తన చదువుల బల్ల పెట్టుకుంది మరి.

ఇంత చదివాక, అయితే ఎందుకు మానవు అంటావు. తెల్లవారుజామున తీరం దాటాక, నల్లటి నీళ్ళ మీద ప్లాట్‌ఫాంల మంటలు కార్తీక దీపాల్లా ఒక్కొక్కటీ కనబడతాయి... ఈ నాలుగు ముక్కలు వాడికి చూపించకు. మిగతా అంతా చూపించు.

పొలం మాట: ఇప్పుడే సంతకం పెట్టవద్దు. ముందు పైలట్లకు చేసే క్లాస్ 2 వైద్య పరీక్ష, అది నెగ్గితే దాని పైది క్లాస్ 1 చేయించు. రంగులు సరిగ్గా కనబడవని అక్కడ తేలితే రెండెకరాలు మిగులుతాయి. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉన్నాయి కాబట్టి ఆ దిగులు లేదు. వాయుసేన, ఆర్మీ, నేవీ పరీక్షలు రాయమను. వాళ్ళే నేర్పి, జీతమిచ్చి గంటలు ఎగిరిస్తారు. నా చేత ఎవరూ రాయించలేదు. అప్పటికీ కుదరకపోతే దసరా సెలవులకు వాణ్ణి నా దగ్గరికి పంపు. హెలికాప్టరు ఎక్కించను, ఎక్కించనివ్వరు కూడా. ఈ గదిలో వారం రోజులు నా పక్కన కూర్చోబెడతాను.

పిలుపు వచ్చింది, మబ్బు కొంచెం లేచిందట. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఈసారి నేను వస్తానని అమ్మతో అన్నావని తెలిసింది. తొమ్మిదేళ్ళుగా ఇదే మాట అంటున్నాం ఇద్దరం. డ్యూటీల రోస్టరు వచ్చేదాకా ఆవిడకేమీ చెప్పకు.

నీ
హెలికాప్టరుగాడు