తిరిగొచ్చిన కొడుకు కథలో పెద్దకొడుకు ఎక్కడ?

సంపాదకులకు,

ఆర్యా,

మీ ఆదివారం సాహిత్య పేజీలో అమెరికన్ క్రైస్తవ కౌబాయ్ ప్రేమనవలల మీద వచ్చిన వ్యాసం చదివాను. నగరంలో దెబ్బతిన్న నాయకుడో నాయికో తండ్రి రాంచ్‌కు, అంటే పశువులను పెంచే పెద్ద క్షేత్రానికి, తిరిగి రావడం, అక్కడ పాత ప్రేమ మళ్లీ చిగురించడం, ఒక్క ప్రార్థనతో చిక్కులన్నీ విడిపోవడం తప్ప వీటిలో ఏమీ లేదని, భక్తే ఈ కథలను పలచన చేసిందని వ్యాసకర్త తేల్చేశారు. చాలా ఏళ్లుగా ఈ నవలలను ఇష్టంగా చదువుతున్న పాఠకురాలిగా ఆ తీర్పును ఒప్పుకోలేకపోతున్నాను. వీటిలో లోపం ఉన్న మాట నిజమే గాని, ఆ లోపాన్ని వెతకవలసిన చోటు వేరు.

ప్రేమనవలల ప్రచురణ సంస్థ హార్లెక్విన్ 1997లో లవ్ ఇన్‌స్పైర్డ్ పేరుతో క్రైస్తవ ప్రేమనవలల శ్రేణిని ప్రారంభించింది. అప్పటి నుంచి ఈ తరహా కథలు ఒక కట్టుబాటులోనే నడుస్తున్నాయి: శృంగారం ముద్దు దగ్గర ఆగుతుంది, ప్రేమతోపాటు విశ్వాసం కూడా పరీక్షకు నిలుస్తుంది. ఈ కట్టుబాటు మంచి రచయిత చేతిలో మేలే చేసింది. ఒంటి స్పర్శతో చెప్పడానికి వీల్లేని ప్రేమను పనిలో చూపించక తప్పదు. రాంచ్‌లో పనికి కొదవ లేదు.

అమెరికాలోని మోంటానా, వయోమింగ్ రాష్ట్రాల రాంచ్‌లలో ఫిబ్రవరి, మార్చి నెలలు చాలాచోట్ల ఆవులు ఈనే కాలం. మంచు కురుస్తున్న రాత్రిలో రెండు మూడు గంటలకొకసారి లేచి, టార్చి పట్టుకొని చూడి ఆవులను చూసి రావాలి. పుట్టిన కొద్ది గంటల్లో ముర్రుపాలు కడుపులో పడని దూడ బతకడం కష్టం. దూడ చచ్చిన ఆవు ఒకటి, తల్లి చచ్చిన దూడ ఒకటి మిగిలినప్పుడు అక్కడివాళ్లు ఒక పాత పద్ధతి పాటిస్తారు. చచ్చిన దూడ తోలు ఒలిచి, కాళ్లు దూర్చడానికి కంతలు పెట్టి, తల్లిలేని దూడకు చొక్కాలా తొడుగుతారు. ఆవు వాసన చూస్తుంది, తల విదిలిస్తుంది, ఒకసారి తన్నుతుంది, మళ్లీ వాసన చూస్తుంది. అదృష్టం బాగుంటే చివరకు నాకడం మొదలుపెడుతుంది. కొన్నాళ్లు తన పాలు తాగిన దూడను, ఆ తోలు తీసేసినా, అది తరమదు. ఇరవై ఏళ్ల తర్వాత ఇంటికి వచ్చినవాడూ, ఇన్నాళ్లూ వాణ్ని క్షమించలేకపోయినదీ, గడ్డి పరిచిన కొట్టంలో పక్కపక్కన మోకరిల్లి ఆ దూడ నోటికి చన్ను అందిస్తున్నప్పుడు రచయిత బైబిల్ వాక్యం వల్లించనక్కర లేదు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో విశ్వాసులు దేవుని దత్తపుత్రులని చెప్పిన మాట తెలిసిన పాఠకుడికి అది దానంతటదే తడుతుంది. టెక్సాస్ వంటి రాష్ట్రాల్లోని కౌబాయ్ చర్చిలలో, అంటే రాంచ్ మనుషుల కోసం నడిచే చర్చిలలో, పశువులు నీళ్లు తాగే తొట్టిలోనే బాప్తిస్మం ఇవ్వడం మామూలు. అటువంటి జీవితం గురించి రాసేటప్పుడు భక్తిని ఒకపక్కకు, పనిని మరోపక్కకు విడదీయడం వ్యాసకర్తకు సాధ్యమేమో గాని ఆ మనుషులకు సాధ్యం కాదు.

ఇక లోపం సంగతి. ఈ నవలలకు మూలకథ లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానం. ఆస్తిలో తన వాటా తీసుకొని దూరదేశం వెళ్లి అంతా పోగొట్టుకున్న చిన్నకొడుకు ఇంటికి తిరిగి వచ్చే కథ అది. దానిలో సగాన్నే ఈ రచయితలు తీసుకుంటున్నారు. తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తి కౌగిలించుకోవడం దగ్గర నవల ఆగిపోతుంది. ఉపమానం అక్కడ ఆగదు. పెద్దకొడుకు పొలంలో ఉంటాడు. ఇంటి దగ్గరకు వచ్చి, వాద్యాల చప్పుడు విని, కోపంతో లోపలికి రానంటాడు. తండ్రే బయటికి వచ్చి అతణ్ని బతిమాలుకుంటాడు. అతడు లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు.

రాంచ్‌లో ఈ పెద్దకొడుకు బాధ ఊహ కాదు, లెక్క. 2022 వ్యవసాయ గణన ప్రకారం అమెరికాలో సేద్యం, పశుపోషణ చేసేవారి సగటు వయసు 58.1 ఏళ్లు, అంటే చాలా కుటుంబాల్లో పంపకాల ప్రశ్న గుమ్మం దాకా వచ్చింది. 2024 జనవరి 1 నాటికి దేశంలోని పశువులు 8.72 కోట్లకు తగ్గాయి, 1951 తర్వాత అప్పటికి అదే అతి తక్కువ. మేత లేక మందను అమ్ముకోవలసి వచ్చిన కరువులు దీనికి ఒక ముఖ్య కారణం. ఆవుదూడ జంటకు నెలకు కొద్దిపాటి రుసుముతో (2025లో అది 1.35 డాలర్లు) ప్రభుత్వ భూమిలో మేపుకొనే అనుమతి ఉన్నా, సొంత భూమి ధర లక్షల డాలర్లు పలుకుతున్నా, బ్యాంకులో మాత్రం చేతికి ఆడే డబ్బుండదు. తండ్రి పోయాక, నగరం నుంచి వచ్చినవాడికి సమాన వాటా ఇవ్వాలంటే, ఉండిపోయినవాడు భూమి అమ్మాలి, లేదా తనఖా పెట్టాలి. ఇరవై చలికాలాలు తక్కువ జీతానికో, అసలు జీతమే లేకుండానో దూడలను బతికించిన ఆ అన్నకో చెల్లెలికో ఈ నవలల్లో దక్కుతున్న పాత్ర, నాయకుణ్ని చూసి చిరునవ్వు నవ్వి గుర్రానికి జీను వేసి ఇవ్వడం! నాకు ఇది కథాదోషంగానే కాదు, విశ్వాసదోషంగా కూడా కనిపిస్తుంది. క్షమాపణ ఖరీదు ఎవరు చెల్లించారో చూపని కథలో కృప కూడా తేలికైపోతుంది.

వంటింటి బల్ల మీద అప్పుల పుస్తకం తెరిచి, తిరిగొచ్చినవాడు తన వాటా గురించి ఉండిపోయినవాడితో మొదటిసారి నోరు విప్పే దృశ్యం ఉన్న నవల కోసం నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను. అటువంటిది వ్యాసకర్త చదివి ఉంటే, దయచేసి మీ సాహిత్య పేజీలోనే పరిచయం చేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు