కార్గిల్‌ నుంచి లేహ్‌కి విమానం లేదు

అయ్యా,

గత ఆదివారం మీ పత్రిక పర్యాటక పేజీలో ‘కార్గిల్‌ నుంచి లేహ్‌కి 141 కిలోమీటర్లు, విమానంలో 20 నిమిషాలు’ అని బాక్సు కట్టి వేశారు. అది చదివి మా మేనకోడలు ఫోన్‌ చేసింది. ‘మామయ్యా, ఆ విమానానికి టికెట్‌ ఎక్కడ కొనాలి? రెండు రోజులుగా వెతుకుతున్నా, దొరకట్లేదు’ అంది.

దొరకదు. ఆ రెండు ఊళ్ల మధ్య టికెట్‌ కొని ఎక్కే విమానం లేదు. మీరు వేసిన 141 కిలోమీటర్లు, మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత పొడవు. రోడ్డు మీదైతే సుమారు 215 కిలోమీటర్లు. మధ్యలో నమికా లా, ఫోతూ లా అని రెండు కనుమలు ఎక్కి దిగాలి. ఫోతూ లా ఎత్తు 4,108 మీటర్లు. మన తిరుమల వెయ్యి మీటర్లు కూడా ఉండదు.

1990ల్లో మిలిటరీ డ్రైవర్‌గా మూడేళ్లు ఆ రోడ్డు మీద లారీ తోలాను. జనవరిలో తెల్లవారేసరికి డీజిల్‌ పేరిన నెయ్యిలా అయిపోయేది. ట్యాంకు కింద స్టవ్‌ వెలిగించి, అది కరిగి ఇంజన్‌ అందుకునే దాకా చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడేవాళ్లం. ఖల్సీ దగ్గర రాత్రి ఆగి, రెండో రోజు లేహ్‌ చేరేవాళ్లం. ఇప్పుడు రోడ్డు బాగుపడింది. కారులో ఐదారు గంటలు చాలు.

కార్గిల్‌లో రన్‌వే ఉన్న మాట నిజం. చలికాలంలో శ్రీనగర్‌ రోడ్డు మీది జోజీ లా కనుమ మంచుతో మూసుకుపోయినప్పుడు రోగులను, విద్యార్థులను వైమానిక దళం ఏఎన్‌-32 రవాణా విమానంలో శ్రీనగర్‌కో, జమ్మూకో చేరుస్తుంది. అదీ వాతావరణం అనుకూలిస్తేనే. ఆ సీటు కోసం జనం రోజుల తరబడి ఎదురు చూడటం నేను కళ్లారా చూశాను. 2025లో జోజీ లాను మూసిన 32 రోజులకే తెరిచారు. మా రోజుల్లో ఒకసారి మూస్తే నెలల తరబడి అంతే. దాని కింద 13 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వుతున్నది మన హైదరాబాద్‌ సంస్థ మేఘా ఇంజినీరింగే. ఇలాంటిది ఆ బాక్సులో వేసి ఉంటే ఎంత బాగుండేది!

నా అసలు భయం వేరే. ఇరవై నిమిషాల దూరమే కదా అనుకుని ఎవరైనా ఢిల్లీ నుంచి పొద్దున్నే లేహ్‌లో దిగి, మధ్యాహ్నమే కారెక్కి ఫోతూ లా మీదికి పోతే? లేహ్‌ ఊరే 3,500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పలచన. పాతికేళ్ల జవాన్లం, మాకే ఆ ఎత్తు అలవాటు కావడానికి ఆరు రోజులు ఇచ్చేవారు. మొదటి రెండు రోజులు విశ్రాంతి తప్ప వేరే పని చెప్పేవారు కాదు. మా మేనకోడలు బీపీ ఉన్న అత్తగారినీ, ఆరేళ్ల పిల్లాడినీ వెంట తీసుకెళ్తోంది.

దయచేసి విమానం లేని ఊళ్ల మధ్య విమాన సమయం వేయకండి. రోడ్డు దూరం, ఏ నెలల్లో తెరిచి ఉంటుంది, దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఏది, ఈ మూడూ వేయండి. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ కూడా ఇవ్వండి.

ఎత్తు మెల్లగా అలవాటవుతుందని మా వాళ్లను శ్రీనగర్‌ మీదుగా రోడ్డున వెళ్లమన్నాను. ముందు డాక్టరుకు చూపించుకుని, జూన్‌లో బయల్దేరతారు. కార్గిల్‌లో రెండు రాత్రులు ఆగుతారు.

– ఒక మాజీ సైనికుడు, గిద్దలూరు