ఇకపై ముందు మీ గది గురించి అడుగుతాం

మా దగ్గర సౌండ్ సిస్టమ్ కొన్నవాళ్లకు, కొనాలని చూస్తున్నవాళ్లకు నమస్కారం.

ఒక నిర్ణయం తీసుకున్నాం. ఎవరో చెబితే తెలిసేకంటే మా నుంచే మీకు తెలియడం మంచిదని ఇది రాస్తున్నాను. ఐదు బుల్లి స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్, ఒక ప్లేయర్ అన్నీ ఒకే అట్టపెట్టెలో వచ్చే 5.1 సెట్లను ఇక తెప్పించం. ఉన్న సరుకు అయిపోతే మళ్లీ రాదు. వాటి చోట మూడు రకాలే ఉంటాయి: సబ్‌వూఫర్‌తో వచ్చే సౌండ్‌బార్లు, యాంప్లిఫయర్‌తో ఒక జత స్టీరియో స్పీకర్లు, రిసీవర్ (సౌండ్‌ను ఒక్కో స్పీకర్‌కు విడగొట్టి పంపే యాంప్లిఫయర్) పెట్టుకుని ఒక్కో స్పీకర్ కలుపుకుంటూ పోయే సెట్లు.

వ్యాపారంగా చూస్తే ఇది మాకు ఇబ్బందే. పెట్టె సెట్టు అమ్మడం తేలిక. అట్ట మీద పెద్ద వాట్ల అంకె ఉంటుంది, తీసి చూపిస్తే ఆరు పెట్టెలు కనిపిస్తాయి, కొనేవాళ్లకు ఎక్కువ వచ్చిందన్న తృప్తి ఉంటుంది. అదే డబ్బుకు రెండు స్పీకర్లు చూపించి "ఇవి బాగుంటాయండీ" అంటే నమ్మకం కలగడానికి టైమ్ పడుతుంది. కొంతమంది వేరే చోటికి వెళ్తారని కూడా తెలుసు. అయినా ఈ దారిలోనే వెళ్లాలనుకుంటున్నాం.

కారణం మీరు చెప్పిందే. కొన్నాక మళ్లీ వచ్చినవాళ్లలో చాలామంది అనే మాట ఇది: "పాటలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ, మాటలే అర్థం కావట్లేదు. సౌండ్ పెంచితే ఫైటు రాగానే ఇల్లు దద్దరిల్లుతోంది. సినిమా అయ్యేదాకా రిమోట్ చేతిలోనే ఉంటోంది." ఇంట్లో పెద్దవాళ్లు మాటలు వినపడక మధ్యలో లేచి వెళ్లిపోతుంటే ఎన్ని స్పీకర్లుంటే ఏం లాభం?

ఇది ఎందుకు జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే ఏది కొనాలన్న ప్రశ్నకు జవాబు దాదాపు ఇందులోనే ఉంది. 5.1లో ఐదు అంటే ముందు ఎడమ, మధ్య, కుడి, ఆపైన వెనక రెండు. ఒకటి అంటే సబ్‌వూఫర్. సినిమాలో మాటల్లో ఎక్కువ భాగం మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్‌కే వస్తుంది. పెట్టె సెట్లలో ఆ సెంటర్ చాలా చిన్నది. మామూలుగా మాట్లాడేటప్పుడు మగగొంతు మూలస్వరం, అంటే అందులోని అన్నిటికంటే కింది స్వరం, సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, అంకె తగ్గేకొద్దీ స్వరం బరువుగా ఉంటుంది) మధ్య ఉంటుంది, ఆడగొంతుది 165 నుంచి 255 దాకా. అంత చిన్న స్పీకర్ ఆ కింది స్వరాన్ని బలంగా పలకలేదు. అందుకని సెట్టు దాన్ని సబ్‌వూఫర్‌కు పంపేస్తుంది. దాంతో ఒకే మనిషి గొంతు రెండు ముక్కలవుతుంది, బరువంతా మూలనున్న సబ్ నుంచి, మిగిలింది టీవీ కింద నుంచి. సుమారు 80 హెర్ట్జ్ కంటే కిందికి వెళ్తే శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి సులువుగా పోల్చుకోలేదు. సబ్‌కూ మిగతా స్పీకర్లకూ హద్దు 80 దగ్గర పెట్టాలని సినిమా సౌండ్‌కు ప్రమాణాలు పెట్టే టీహెచ్‌ఎక్స్ సంస్థ వాళ్లు చెప్పింది అందుకే. చిన్న స్పీకర్ల వల్ల ఆ హద్దు 150 దాటిపోతే గొంతు గదిలో ఒక మూల నుంచి వస్తున్నట్టే ఉంటుంది.

ఇక మాటలోని స్పష్టత. స, ష, త, ప లాంటి హల్లులు విడివిడిగా వినపడితేనే మాట తెలుస్తుంది, దానికి 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల భాగం శుభ్రంగా చెవికి చేరాలి. ఇప్పటి పలుచని టీవీల్లో చాలావాటికి స్పీకర్లు కిందికో వెనక్కో చూస్తుంటాయి. ఆ హల్లులు గోడకో బల్లకో తగిలి చెదిరిపోయి మన దగ్గరికి వస్తాయి. అందుకే మీ వైపు నేరుగా చూసే ఓ మోస్తరు స్పీకర్ పెట్టినా చాలు, మొదటి రోజే తేడా తెలుస్తుంది.

కాబట్టి మా సలహా వరుస ఇలా ఉంటుంది. ముందు మాటలు, తర్వాత బేస్, చివరగా చుట్టూ వచ్చే సౌండ్. అందరూ అడిగే వరుసకు ఇది సరిగ్గా తలకిందులు.

ఇద్దరో ముగ్గురో టీవీకి ఎదురుగా, ఇంచుమించు మధ్యలో కూర్చుని చూసే ఇల్లయితే రెండు మంచి స్టీరియో స్పీకర్లు చాలు. రెండింటిలోనూ సమానంగా వచ్చే గొంతు సరిగ్గా మధ్యలోంచి, టీవీలోంచి వస్తున్నట్టే అనిపిస్తుంది. కాకపోతే ఒక పక్కకు జరిగి కూర్చుంటే ఆ గొంతు దగ్గరున్న స్పీకర్ వైపు లాగేస్తుంది. అందుకే ఎక్కువమంది ఉండే ఇంట్లో, పక్క కుర్చీల్లోంచి కూడా చూసే చోట సెంటర్ తప్పనిసరి అని చెబుతాం. అప్పుడు కూడా 3.1 చాలు: ముందు మూడు, కింద ఒక సబ్.

వెనక స్పీకర్ల గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. అవి పని చేయాలంటే మీకు పక్కగా, కొంచెం వెనక్కి ఉండాలి. ఎదురుగా టీవీని సున్నా డిగ్రీలనుకుంటే అటూ ఇటూ సుమారు 110 డిగ్రీల దగ్గర. మీ సోఫా వెనక గోడకు ఆనించి ఉందా? అయితే వాటికి చోటే లేదు. తీసుకెళ్లినవాళ్లలో చాలామంది వాటిని చివరికి టీవీ పక్కనే పెట్టేస్తారు, లేదా కర్టెన్ల వెనక పైన తగిలిస్తారు. అక్కడ అవి చేసే మేలు లేదు. వాటికి పెట్టే డబ్బు ముందున్న మూడింటికి పెడితే రోజూ వినే ప్రతి మాటలో ఉపయోగం కనిపిస్తుంది. వైర్‌లెస్ వెనక స్పీకర్లు ఉన్నాయి కదా అని అడుగుతారు. ఉన్నాయి, కానీ వాటిలో ఎక్కువవాటికి కరెంటు వైరు కావాలి, దగ్గర్లో ప్లగ్ ఉండాలి. సోఫా వెనక నాలుగైదు అడుగుల ఖాళీ ఉన్న గదయితే మాత్రం నేనే వెనక స్పీకర్లు తీసుకోమంటాను. అలాంటి గదిలో అవి ఇచ్చే ఆనందం వేరు.

పెట్టె సెట్లతో ఇంకో బాధ ఉంది. చాలావాటిలో ప్లగ్గులు ఆ కంపెనీవే, ఓమ్స్ లెక్క (స్పీకర్ కరెంటుకు ఎంత అడ్డు ఇస్తుందో చెప్పేది) కూడా మామూలు స్పీకర్లకు భిన్నం. ప్లేయర్ పాడైతే బాగున్న స్పీకర్లన్నీ మూలపడతాయి. విడిగా కొన్న స్పీకర్లను రేపు ఏ యాంప్లిఫయర్‌కైనా తగిలించుకోవచ్చు.

వాట్ల సంగతి. అట్ట మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ అంకెను అసలు లెక్కలోకి తీసుకోకండి. దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల పవర్. అదైనా రెట్టింపు అయితే పెరిగేది 3 డెసిబెల్సే (డెసిబెల్ అంటే సౌండ్ ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క). సౌండ్ రెట్టింపయినట్టు చెవికి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్. స్పీకర్ సెన్సిటివిటీ 88 డెసిబెల్స్ అని రాసి ఉంటే, ఒక్క వాటుతో మీటరు దూరంలో అంత సౌండ్ ఇస్తుందని అర్థం. మనం మామూలుగా మాట్లాడుకునేది 60 డెసిబెల్స్ దగ్గర. ఇంట్లో సినిమా చూసేటప్పుడు ఎక్కువసేపు వాడేది కొద్ది వాట్లే అని దీన్నిబట్టి తెలుస్తుంది. 50 వాట్లా 70 వాట్లా అని టెన్షన్ పడాల్సిన అవసరం లేదు.

సబ్‌వూఫర్ మీద ఎక్కువ ఫిర్యాదులొస్తాయి, తప్పు మాత్రం చాలాసార్లు సబ్‌ది కాదు. 40 హెర్ట్జ్ శబ్దం అల పొడవు దాదాపు 8.6 మీటర్లు, మామూలు గది కంటే పెద్దది. తొట్టిలో నీళ్లు ఊగితే అంచుల దగ్గర ఎక్కువ లేచి మధ్యలో కదలనట్టే, గదిలో బేస్ కూడా గోడల దగ్గర పోగుపడి కొన్ని చోట్ల మాయమైపోతుంది. ఒకే సోఫాలో ఒకరికి గుండె అదురుతుంటే పక్కనున్నవారికి ఏమీ వినపడకపోవచ్చు. సబ్‌ను మూలకు తోస్తే బేస్ పెరుగుతుంది, గుంయ్‌మని ముద్దగా కూడా అవుతుంది. దీనికి ఖర్చు లేని మందు ఉంది. సబ్‌ను మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట ఒకటి పెట్టి, గదిలో సబ్ పెట్టడానికి వీలైన చోట్లన్నిటికీ వెళ్లి నేల దగ్గరగా వంగి వినండి. ఎక్కడ బేస్ తేటగా, ఒక్కో దెబ్బ విడిగా వినపడుతుందో అక్కడికి సబ్‌ను మార్చండి. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది, ఫలితం మాత్రం కొత్త సబ్ కొన్నంత ఉంటుంది.

సౌండ్‌బార్లను చిన్నచూపు చూడం. వైర్లు వద్దనుకునేవాళ్లకు, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు, పెద్దవాళ్లే ఉండే ఇళ్లకు అదే మేలు. కొనేటప్పుడు సెంటర్ చానల్ విడిగా ఉన్నదే అడగండి. గోడలకు కొట్టి చుట్టూ సౌండ్ తెప్పిస్తామనే రకాలకు రెండు పక్కలా గోడలుండాలి. ఒక వైపు తెరిచి ఉన్న హాల్లో ఆ పని జరగదు. పై నుంచి కూడా సౌండ్ వచ్చేలా చేసే అట్మాస్ సినిమా హాళ్లకు 2012లో, ఇళ్లకు 2014లో వచ్చింది. మంచి టెక్నాలజీ. కానీ పైకి చూసే స్పీకర్లు సీలింగ్‌ను అద్దంలా వాడుకుంటాయి కాబట్టి అది చదునుగా, మరీ ఎత్తు కాకుండా ఉండాలి. సీలింగ్ అలా లేని ఇంటికి దాన్ని మేం అంటగట్టం.

కనెక్షన్ ఒక్కటే గుర్తుపెట్టుకోండి. టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఆర్క్ (ARC) లేదా ఈ-ఆర్క్ (eARC) అని రాసి ఉన్న దానికే సౌండ్‌బార్ లేదా రిసీవర్ తగిలించాలి. మామూలుగా ఒక టీవీకి అది ఒక్కటే ఉంటుంది. ఆర్క్ 2009లో, దానికంటే చాలా ఎక్కువ డేటా మోయగల ఈ-ఆర్క్ 2017లో ప్రమాణాల్లోకి వచ్చాయి. సినిమాలు యాప్‌లలోనే చూసేవాళ్లకు ఆర్క్ సరిపోతుంది. బ్లూ-రే డిస్కులు వాడేవాళ్లకే ఈ-ఆర్క్ అసలు ఉపయోగం. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ (CEC) ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే సౌండ్ తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఇంట్లో అందరూ వాడగలిగేలా ఉండాలంటే ఇది చాలా ముఖ్యం. బ్లూటూత్ పాటలకు వాడుకోండి, సినిమాకు వద్దు. పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తుంది.

షాపులో కూడా ఒక పద్ధతి మారింది. రెండు స్పీకర్లు పక్కపక్కన వినిపించినప్పుడు, కొంచెం ఎక్కువ సౌండ్‌తో మోగేదే బాగున్నట్టు ఎవరికైనా అనిపిస్తుంది. అందుకని మీటరుతో కొలిచి రెండింటినీ ఒకే స్థాయిలో పెట్టాకే వినిపిస్తాం. పేలుళ్ల సీను పెట్టం. మీకు బాగా తెలిసిన సినిమాలోంచి ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే సీను తెచ్చుకోండి. వచ్చేటప్పుడు గది పొడవు, వెడల్పు, టీవీకీ సోఫాకీ మధ్య దూరం, టీవీ వెనక పోర్టుల ఫొటో, గది ఫొటో ఉంటే చాలు. గోడలన్నీ ఉత్తవిగా, గాజు కిటికీలతో ఉండి చప్పట్లు కొడితే గది మోగుతోందంటే, స్పీకర్ల కంటే ముందు మందపాటి కర్టెన్లు, కింద ఒక కార్పెట్ వేయించమని చెబుతాం. అవి మా దగ్గర దొరకవు, అయినా ముందు అవే వేయించండి.

పెట్టె సెట్టు ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు దాన్ని పారేయాల్సిన పని లేదు. సెంటర్ స్పీకర్‌ను అల్మారా లోపలి నుంచి అంచు దాకా లాగి, మీ చెవుల వైపు కొంచెం పైకి వంచండి. మెనూలో సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. నైట్ మోడ్ ఆన్ చేస్తే ఫైట్ల సౌండ్ తగ్గి మాటలు పైకొస్తాయి. స్పీకర్ వెనక ఎరుపు వైరు ఎరుపులో, నలుపు నలుపులో ఉందో లేదో చూడండి. ఒక్కటి తారుమారైనా బేస్ పలచబడుతుంది, మధ్యలో రావాల్సిన గొంతు గదంతా చెదురుతుంది. ఇవి చేసుకోవడం కష్టమనిపిస్తే ఫోన్ చేయండి, మేమే దగ్గరుండి చెప్పి చేయిస్తాం, దానికి డబ్బు తీసుకోం. మేం అమ్మిన పాత సెట్లకు రిపేర్లు ఎప్పటిలాగే చేస్తాం. తెచ్చేటప్పుడు రిమోట్ కూడా తీసుకురండి, చాలా సెట్లలో సెంటర్ లెవెల్ మార్చడానికి అదొక్కటే దారి.